పారిపార్శ్వకుడు

హైదరాబాదు నగరమున అమీరుపేటకును యూసుఫుగూడకును నడుమ మధురానగరమను పేట కలదు. దానికి చేరువనే కృష్ణానగరము. పేర్లు భాగవతమును తలపించును గాని, యీ మధుర చెంత వేకువనే వీథిమొగలో కానవచ్చువారు గోపాలురు కారు. ఏదైన వ్యాను వచ్చి తమను చిత్రీకరణస్థలమునకు గొనిపోవునా యని టీబంక్కు ముందు నిలిచి యెదురుచూచు స్త్రీపురుషులు. వారిలో పెండ్లివిందులో కూర్చుండు చుట్టములు కలరు, కోర్టుబోనులో నిలుచు జవానులు కలరు, దీపములు మోయువారు కలరు. పగటివేళ ఈ వీథులు తక్కిన నగరమువలెనే యుండును. తెల్లవారుజామున చూచినవారికే యిది యెవరి యూరో తెలియును.

ఈ జనమంతయు ఒక్కనాడు చేరినది కాదు. అమీరుపేట చెంత సారథీ స్టూడియో 1950ల దశకమున వెలసినది. హైదరాబాదున చిత్రనిర్మాణమున కదియే తొలి నెలవు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను ప్రారంభించిరి. మదరాసుననుండిన తెలుగు సినిమా మెల్లమెల్లగా నిటు తరలుచుండగానే టెలివిజనును వచ్చి చేరినది. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక సంవత్సరముపాటు ఉపగ్రహసహాయమున ఆరు రాష్ట్రముల పల్లెలకు కార్యక్రమములు ప్రసారమయ్యెను. వానిలో మన తెలుగు పల్లెలును గలవు. ఊరికొక పెట్టె యుంచి, ఊరెల్ల దానిముందు కూర్చుండి వ్యవసాయపాఠములు వినిన కాలమది. 1977లో హైదరాబాదున దూరదర్శన్ కేంద్ర మేర్పడెను. 1995లో ఈటీవీ, జెమినీ మొదలైన ప్రైవేటు చానెళ్లు వచ్చినపిదప, వారమున కొకసారి చూచు కథ దినదినము చూచు కథగా మారెను. 2017లో మొదలై 2023లో ముగిసిన 'కార్తీకదీపం' 1,500 భాగములకు పైబడి సాగినది. దినమున కొక భాగము ప్రసారము కావలెనన్న దినమున కొక భాగము తీయవలెను గదా! ఆ తీయువారి వరుసలో మిక్కిలి చివర నిలుచువానిని గూర్చి వ్రాయబూనితిని.

అతడు నా మేనల్లుడు. రేపల్లె ప్రాంతమువాడు. డిగ్రీ ముగించి, నాలుగేండ్ల క్రిందట మా యింటి మీదిగదిలో దిగెను. ఉద్యోగనామము అసిస్టెంటు డైరెక్టరు. పేరు వినుటకు ఘనమే. కాని డైరెక్టరునకును ఇతనికిని నడుమ కో-డైరెక్టరు, అసోసియేటు మొదలైన మెట్లు మూడు నాలుగు కలవు. సంస్కృతము చదివి ఇంగ్లీషు చెప్పి పొట్టపోసికొనువాడను గాన, నాకు వెంటనే తోచిన పేరు పారిపార్శ్వకుడు. సూత్రధారుని ప్రక్కన నుండువాడని యర్థము. నాట్యశాస్త్రమున భరతముని నాటకసమాజమునకు వలసినవారిని లెక్కించుచు ఇతనిని, మాలలు కట్టువానిని, కిరీటములు చేయువానిని, బట్టలకు రంగులద్దువానిని సయితము విడువక పేర్కొనెను. మాళవికాగ్నిమిత్రప్రస్తావనలో పారిపార్శ్వకుడు, భాసాదులైన ప్రసిద్ధులుండగా ఈ క్రొత్తకవి కాళిదాసు నాటక మేల యని సూత్రధారునే నిలువదీయును. ఈ కథ మావానికి చెప్పి, నీవు నట్లడుగుదువా యంటిని. "అడగొచ్చు మామయ్యా. రేపటినుంచి పిలవరు, అంతే" అనెను.

అతని దినచర్య యిట్లుండును. నటీనటులకు పిలుపు ఉదయము తొమ్మిదింటికి. ఇతడు ఏడింటికే యచ్చట నుండవలెను. ఆనాటి సన్నివేశముల కాగితములు రచయితయొద్దనుండి రాత్రి పొద్దుపోయిన తరువాత ఫోనుకు వచ్చును. ఒక్కొక్కనాడు ఉదయము వచ్చును. వానిని అచ్చుతీయించి పంచుట, ఏ పాత్ర కే చీర, ఏ నగ యని కాస్ట్యూమరునకు చెప్పుట, మేకప్పుగదితలుపు తట్టి "షాట్ రెడీ మేడమ్" అని పిలుచుట, క్లాపుబల్ల పట్టి అంకెలు చదువుట, మధ్యాహ్నము భోజనములకు తలలు లెక్కించి ప్రొడక్షనువారికి చెప్పుట. ఇవన్నియు నెవరైనను చేయగలిగినట్లు కనబడును. కాని కంటిన్యుటీ యను పని యట్టిది కాదు.

కథ మనకు కనబడు వరుసను తీయరు. ఇల్లు దినముల లెక్కను అద్దెకు తీసికొందురు గాన, నాలుగు భాగములలోని హాలుసన్నివేశములన్నియు ఒక్కనాడే తీయుదురు, మరునాడు వంటయిల్లు, ఆ మరునాడు మేడమెట్లు. కోడలు మెట్లపై జారిపడి కుడిచేతికి కట్టు కట్టించుకొనుట గురువారము తీయుదురు. ఆ కట్టుతో అత్తగారికి కాఫీ యిచ్చుట మంగళవారమే తీసివేసి యుందురు. కట్టు ఏ చేతికి, ఎన్ని చుట్లు, బొట్టు చిన్నదా పెద్దదా, మంగళసూత్రము పైటపైననా లోపలనా, వాకిట ముగ్గు తుడిచియున్నదా లేదా, ఇవన్నియు నితడు మనసున నిలుపవలెను. ఫోనులో ఛాయాచిత్రములు తీసికొనును, నోటుపుస్తకమున వ్రాసికొనును. తప్పిపోయిన దొకటి యుండినచో మొట్టమొదట కనిపెట్టువారు మన గృహిణులే. మా ఆవిడ యొకనాడు రాత్రి, "ఏమిరా, గుమ్మం దాటేటప్పుడు ఆకుపచ్చ గాజులు, వీధిలోకి వచ్చేసరికి ఎర్రవి అయ్యాయే!" అని వానిని నవ్వుచునే యడిగినది. వాడు మాత్రము నవ్వలేదు. ఆ రాత్రి పుస్తకము ముందు వేసికొని చాలసేపు వెదకెను.

పోయిన వేసవి సెలవులలో ఒకనాడు వాడు నన్ను సెట్టునకు గొనిపోయెను. ఏసీ కూడ ఆపివేసిరి, ధ్వని పట్టునట. అత్త కోడలిని నిందించు సన్నివేశము. అత్తపాత్రధారిణి బెంగుళూరునుండి వచ్చినామె, మిక్కిలి మర్యాదగలది. నన్ను చూచి లేచి నమస్కరించినది. ఆమెకు తెలుగు రాదు. అందుచే మావాడు కెమెరా ప్రక్కన మోకాళ్లపై కూర్చుండి, కాగితము చూచి, ఒక్కొక్క మాట అందించుచుండెను. వాడు మెల్లగా, నీరసముగా తిట్టును. ఆమె దానిని పట్టుకొని కన్నులెర్రచేసి తిట్టును. పిమ్మట డబ్బింగుగదిలో మరియొక స్త్రీ ఆ తిట్లనే స్పష్టమైన తెలుగులో తిట్టును. ఒక కోడలిని తిట్టుటకు ముగ్గురు మనుష్యులు! పుట్టింటినుండి ఏమి తెచ్చితివని, నీ గర్భము పండలేదని, వాడు నోట పలుకుచుండగా నేను వినలేక బయటి వరండాలోనికి వచ్చితిని.

ఇంటికి వచ్చునప్పుడు మెట్రోలో నామాట దాచలేకపోతిని. వీరేశలింగముగారు ప్రహసనములు వ్రాసినది ఇట్టి అత్తలను చూచి నవ్వుటకు గాని, ప్రతిరాత్రి వారినెదుట పెట్టుకొని కన్నీరు కార్చుటకు కాదంటిని. వాడు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "గురువారం గురువారం అంకెలు వస్తాయి మామయ్యా. కోడలు ఉద్యోగానికి పోయిన వారం అంకె పడిపోయింది. అత్త ఇంట్లోంచి గెంటిన వారం లేచింది. ఆ అంకె మేము వేసింది కాదు, చూసేవాళ్లు వేసింది" అనెను. మాపులను కొలిచి వారమువారము ప్రకటించు సంస్థ యున్నమాట నిజము. కొలుచు యంత్రములు కొన్ని యిండ్లలోనే యుండుటయు నిజము. అయినను మా యింట ఏడున్నరకు ఏ చానెలు పాడుచుండునో నేనెరిగిన విషయమే గాన, ఆ సంభాషణ అంతటితో నాపితిని. వ్రాయువాడు చూచువానిమీదను, చూచువాడు వ్రాయువానిమీదను నెట్టుచుండగా, నడుమ మోకాళ్లపై కూర్చున్న కుర్రవాని దోషమేమి?

ఆ సెట్టులోనే మరియొక సహాయకురాలు కలదు. ఖమ్మముప్రాంతపు పిల్ల, మా వీథిచివర ఆడపిల్లల హాస్టలులో నుండును. మధురానగరపు మెట్రోస్టేషనును స్త్రీలకొరకని ప్రత్యేకముగా తీర్చి, 'తరుణి' యని ముందు చేర్చి పిలుచుచున్నారు. సంతోషమే. కాని చిత్రీకరణ జరుగు ఇల్లు మణికొండ కావల. అచ్చటికి మెట్రో లేదు. పని ముగియునప్పటికి తొమ్మిదిన్నర, పది. నటీమణులకు కారు వచ్చును, సహాయకులకు రాదు. హాస్టలుగేటు పదింటికి మూయుదురు. ఆ పిల్లను మావాడు తన మోటారుసైకిలుపై రెండుమార్లు దిగబెట్టగా వీథిలో గుసగుసలు బయలుదేరినవి. హాస్టలు యజమానురాలు గది ఖాళీచేయుమన్నది. మా ఆవిడ నాతో ఒక్కమాటయైన చెప్పక తానే హాస్టలునకు పోయి, "పది దాటితే ఈ అమ్మాయి మా యింట్లో పడుకుంటుంది, నా ఫోను నంబరు రాసుకోండి" అని చెప్పి వచ్చినది. అప్పటినుండి నెలకు నాలుగైదు రాత్రులు మా నడిమిగదిలో ఆమెకు చాప, దుప్పటి సిద్ధముగా నుండును. రంగస్థలమెక్కు స్త్రీని గూర్చి మన పత్రికలు నూరేండ్లుగా వాదించుచునే యున్నవి. ఆమె రాత్రి యిల్లు చేరు దారినిగూర్చి వాదించినవారు తక్కువ.

ఇక జీతముమాట. గత ఫాల్గునమాసమున అంకెలు పడిపోయినవని మావాని సీరియలును హఠాత్తుగా ఆపివేసిరి. అప్పటికి వానికి రెండున్నర నెలల జీతము రావలసియున్నది. అడుగబోవగా, చానెలునుండి తమకు సొమ్ము రాలేదని నిర్మాణసంస్థవారనిరి. వాని చేతిలో నియామకపు కాగిత మొక్కటియు లేదు. మాటమీద చేరినాడు, మాటమీద పనిచేసినాడు. నోటుపుస్తకమొక్కటియే సాక్ష్యము. గాజులరంగుల నడుమ ఏ తేదీన ఎన్నిగంటలకు వచ్చినది, ఎన్నిగంటలకు పోయినదియు వాడు వ్రాసికొనియుండెను.

ఈ సందర్భమున నేను చట్టములు తిరగవేసితిని. 1981లో సినిమా కార్మికులకొరకు కేంద్రప్రభుత్వమొక చట్టము చేసినది. అది కథాచిత్రములకు సంబంధించినదే కాని టెలివిజనునకు కాదు. 2020లో చేసిన వృత్తిభద్రతాస్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. దానియందు దృశ్యశ్రవణ కార్మికుడను పేరున, ప్రభుత్వము నిర్ణయించిన వేతనపరిమితికి లోబడి, టెలివిజనులోను వెబ్‌సీరియళ్లలోను పనిచేయువారును చేరిరి. వ్రాతమూలకమైన ఒప్పందము లేక యెవరిని పనిలో నుంచుకొనరాదని, ఆ యొప్పందమును అధికారియొద్ద నమోదు చేయింపవలెనని యందు గలదు. ఇది చదివి నేను పొంగిపోయితిని. మావాడు శ్రద్ధగా విని, "మంచిదే మామయ్యా, కాని ఆ కాగితం మొదట అడిగినవాడెవడో వాడికి రెండో సీరియల్ ఉండదు" అనెను.

ఒక్కనికి ఉండదు, అందరు నడిగిన నుండును. 2025 ఆగస్టులో సినిమాకార్మికుల ఫెడరేషనువారు వేతనములు 30 శాతము పెంచవలెనని రెండువారములకు పైగా చిత్రీకరణలు నిలిపివేసి, తుదకు మూడేండ్లలో విడతలుగా 22.5 శాతము పెంపునకు ఒడంబడిరి. రెండువేల రూపాయలకు లోబడిన దినవేతనమువారికి మొదటి యేడే 15 శాతము. అది సంఘబలము. మావానికి సంఘపు కార్డు లేదు. దాని రుసుము కట్టుటకు వానియొద్ద నొకసారిగా నంత సొమ్ము చేరలేదు. 2020 మార్చిలో మహమ్మారివలన చిత్రీకరణలు నిలిచినప్పుడు చిరంజీవిగారు మొదలైనవారు కూడి నిధి యేర్పరచి కార్మికులకు వెచ్చములు పంచిరి. ఆ సంచి అందుకొన్న లైటుమాన్ ఒకడు మా ప్రక్కయింట నుండెను. కృతజ్ఞతతోనే చెప్పెడివాడు, కాని చెప్పునప్పుడు తలయెత్తెడివాడు కాడు.

నా చెల్లెలు ఉగాదికి వచ్చి, కుమారునియెదుటనే నన్ను నిలదీసినది. "అన్నయ్యా, నీ మాట వింటాడు. బి.ఇడి. చేయమను. డి.ఎస్.సి. రాస్తే నీలాగా నెల మొదట జీతం వస్తుంది. ఈ గాజులు లెక్కపెట్టే ఉద్యోగమేమిటి?" అని కంట నీరు పెట్టుకొన్నది. ఆమె యడిగినది న్యాయమే. ఇరువదియేండ్లుగా ఒకటవ తారీఖున జీతమెత్తువానికి దాని విలువ తెలియకపోదు. అయినను, వాడు ఆ పనిని గూర్చి మాటాడునప్పుడు వాని మొగమున కనబడు వెలుగు, నా తరగతిలో పాఠముచెప్పుటకు శిక్షణకై వచ్చు యువకుల మొగములలో నేను చూచుట యరుదు. కథ కెక్కడ ప్రాణమో, ఏ నటుడు ఏ మాటకు తడబడునో, కన్నీటిబొట్టు ఎంతసేపు నిలిచిన చాలునో వాడు చెప్పుచుండ నేనే శిష్యునివలె విందును. వాని పనిని మాన్పించుట నా తరము కాదని చెల్లెలితో చెప్పితిని. పనికి కాగితము పుట్టించుట మాత్రము చూచెదనంటిని. ఆమె సమాధానపడలేదు. మరునాటి ఉదయపు రైలుకే వెళ్లినది.

తరువాత మేమిద్దరమును ఆ నోటుపుస్తకమునుండి తేదీలు, గంటలు వరుసగా ఎత్తివ్రాసి, బాకీ లెక్కగట్టి, రెండు ప్రతులు తీసి, ఆ సంస్థవారికి రిజిస్టరు పోస్టున పంపితిమి. ఖమ్మముపిల్లయు తన లెక్క చేర్చినది. మేకప్పు సహాయకుడొకడును చేర్చెను. మూడువారములకు ఒక నెల జీతము బ్యాంకులో పడినది. తక్కినది రాలేదు. ముగ్గురును కార్మికశాఖ కార్యాలయమున అర్జీ యిచ్చిరి.

ఇంతలో వేరొక సంస్థ క్రొత్త సీరియలునకు పిలిచినది. వాడు కాగితమడిగెను. "ముందు షెడ్యూలు మొదలుకానీ, చూద్దాం" అని మేనేజరనెనట. "ఐతే నా పేరు, జీతం, చేరిన తేదీ మీ ఫోనునుంచి నాకొక మెసేజీ పెట్టండి" అని వీడనెను. పెట్టిరి. అది నాలుగు పంక్తులు; అందొక అక్షరదోషమును గలదు. వాడు దానిని నాకు, వాళ్లమ్మకు, ఆ పిల్లకు పంపెను. నా చెల్లెలు జవాబుగా బి.ఇడి. ప్రవేశపరీక్ష గడువుతేదీని మాత్రము వ్రాసినది. సోమవారమునుండి చిత్రీకరణ, ఈసారి యిల్లు కొంపల్లిలో.