బట్లహళ్ళిలో అవ్వ పటము

చింతామణి తాలూకా బట్లహళ్ళి కన్నడ సీమలోని ఊరే గాని, అక్కడ మా చుట్టాల ఇండ్లలో వినబడేది తెలుగే. 2007లో కోలారు నుండి చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడినా ఆ మాట మారలేదు.

పోయిన సంక్రాంతికి మేము అవ్వను చూడబోయినాము. ఆమెకు ఎనభై దాటినవి. పొద్దుగుంకిన తర్వాత వంటింటి దీపం వెలుగులో పటం తీసినాము. వెలుతురు చాలక డిజిటల్ కెమెరా ఐ.ఎస్.ఓ.ను 6400కు పెంచవలసివచ్చినది. చూడగా మొగమంతా రాగిపిండి చల్లినట్లు చుక్కలు! దీనినే నాయిస్ అంటారు. కొద్దిపాటి వెలుతురులో ఉండే హెచ్చుతగ్గులూ, కెమెరా లోపలి విద్యుత్తు అలజడీ ఇందుకు కారణములు. కంప్యూటరులో గట్టిగా తుడువగా ముడతలు కూడా పోయినవి. ఆ నున్నని మొగము మా అవ్వది కాదు.

మరునాడు అదే కెమెరాతో సున్నపు గోడను, ఫోకసు తప్పించి, నీడ నుండి ఎండ దాకా వచ్చేటట్లు, 100 మొదలు 6400 వరకు ప్రతి ఐ.ఎస్.ఓ.లో తీసినాము.

“ఏమప్పా, వట్టి గోడను తీస్తా ఉండారే!” అని అవ్వ నవ్వినది.

గోడలో వేరే వివరమేదీ లేదు గనుక కనబడిన చుక్కలన్నీ నాయిసే. ఏ వెలుగులో ఎంత ఉన్నదో డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వారి సాధనముతో లెక్కకట్టి ప్రొఫైలు తయారుచేసినాము. దానితో మరల శుభ్రపరచగా చుక్కలు చాలవరకు పోయినవి, ముడతలు నిలిచినవి.

చదువరులకు ఒక మనవి. పెద్దల పటములు బాగా రాలేదని రా ఫైళ్ళు చెరిపివేయవద్దు. కెమెరా దగ్గరుంటే గోడను ఎప్పుడైనా తీయవచ్చును; అవ్వను మరల కూర్చోబెట్టడం ప్రతిసారీ కుదరదు.