కలిపేచోటు

2025 నవంబరు 2, ఆదివారం, మొగల్తూరు

విశాఖ నుంచి మేనల్లుడు అరకు కాఫీ పొడి తెచ్చాడు, పావుకిలో ప్యాకెట్. దాని వెనక రాసింది చదువుతుంటే జాతకచక్రంలా ఉంది. రకం అరబికా, తోట ఎత్తు ఇన్ని మీటర్లు, పండు కడిగి ఆరబెట్టిన పద్ధతి, వేయించిన తేదీ, రుచిలో నారింజ తొక్క, పాత బెల్లం. మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి వారం కూడా కాలేదు. పడిపోయిన కొబ్బరిచెట్లు కోసే రంపాల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. "మావయ్యా, పాలు పొయ్యకుండా తాగు" అన్నాడు. పోశాను. నారింజ తొక్క నాకు తగల్లేదు గానీ పాలల్లో కూడా మాడు వాసన లేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

నవంబరు 4

మా సెంటర్లో దొరికే కాఫీ పొడికి ఇంత చరిత్ర ఉండదు. చట్టం ముఖ్యంగా అడిగేది చికోరీ ఎంత అని. 49 శాతం దాకా కలుపుకోవచ్చు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వెయ్యాలి. మిగతా 51 శాతం చిక్కమగళూరుదా, పాడేరుదా, రోబస్టానా, అరబికానా? అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. డికాషన్ చిక్కగా దిగితే చాలు. ఇందులో నాకు తప్పేం కనపడదు. కలిపామని చెప్పి కలిపితే కల్తీ ఎలా అవుతుంది?

నవంబరు 9, ఆదివారం

రాజుగారి చెరువు పట్టుబడికి వెళ్లాను. వనామీ రొయ్య. కిలోకి ఎన్ని తూగితే అన్ని కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. తెల్లారకముందే వలలు లాగారు.

కాఫీ ప్యాకెట్ సంగతి చెబితే ఆయన నవ్వారు. "మాకు కొత్తేటండీ ఇది? చెరువుకి నంబరుంది. సీడు ఏ హేచరీదో బిల్లుంది. మేత బిల్లుంది. యాంటీబయాటిక్ లేదని ల్యాబు కాగితం ఉంది. ఎవడడిగినా చూపిత్తాం."

నిజమే. 2016లో యూరప్ మన చెరువు రొయ్యల మీద తనిఖీ బిగించింది. అంతకుముందు పది శాతం కన్‌సైన్‌మెంట్లకే ఉన్న పరీక్ష సగానికి పెరిగింది. అప్పటి నుంచి కాగితం లేని చెరువు వంక ఎగుమతి ప్లాంట్లు చూడటం తగ్గించాయి.

"మరి మీ రొయ్య ఏ దేశం వెళ్లిందో మీకు తెలుస్తుందాండీ?"

"ఆయ్, ఐసులో పడ్డాక మనదేంటండి అది! మొన్న ఆగస్టులో అమెరికావోడు సుంకం 50 శాతం చేశాడు చూశారా, రేటు పడిపోయింది. అప్పుడు తెలిసింది అక్కడికెళ్తందని."

లారీ దగ్గర నిలబడి చూశాను. పక్క చెరువుదీ ఇదే కౌంటు. రెండు చెరువుల సరుకూ ఒకే ట్రేల్లో పడింది. కాగితాలు మాత్రం విడివిడిగా వెళ్లాయి.

నవంబరు 10

హవాయిలో కోనా అనే చోట పండే కాఫీకి చాలా ధర. 1996లో ఆ పేరుతో అమ్మే ఒక వ్యాపారి బండారం బయటపడింది. మధ్య అమెరికా గింజల్ని కోనా సంచుల్లోకి మార్చి ఏళ్ల తరబడి అమ్మాడు. కొన్నవాళ్లలో పేరున్న కంపెనీలున్నాయి, రుచి చూసే నిపుణులున్నారు. అన్నేళ్లూ ఆ సరుకు చెల్లుతూనే వచ్చింది. 2019లో కోనా రైతులు వేసిన దావాకి వచ్చేసరికి ల్యాబును నమ్ముకున్నారు. గింజలో ఏ మూలకాలు ఎంతెంత ఉన్నాయో చూసి, అది ఆ నేలలో పండిందో లేదో చెప్పే పరీక్ష.

నవంబరు 16, ఆదివారం

తూర్పు కనుమల్లో కాఫీ మొదలైంది అరకులో కాదు, మన గోదావరి వైపే. 1898లో బ్రోడీ అనే దొర పాములేరు లోయలో నాటించాడు. అరకు, చింతపల్లి కొండలకి ఆ తర్వాత పాకింది. 2019లో భౌగోళిక గుర్తింపు 'అరకు వ్యాలీ అరబికా' పేరు మీద వచ్చింది. పాములేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

అరకు కొండల్లో ఒక్కో గిరిజన కుటుంబానికి ఎకరమో రెండెకరాలో తోట. సిల్వర్ ఓక్ నీడ, చెట్టుకు మిరియాల పాదు. అంత చిన్న తోటలో ఒక పూట కోసిన పండు ఒక లాటుకి చాలదు. కాబట్టి కలపక తప్పదు. ఏ దశలో కలుపుతారన్నదే తేడా. ఒకప్పుడు ఎవరింటి దగ్గర వాళ్లు తొక్క తీసి, నేల మీద ఎండేసి, సంతలో షావుకారికి పోసేవాళ్లు. ఒకరిది పులిసింది, ఒకరిది బాగా ఆరింది, ఒకరిది వానకు తడిసింది. అన్నీ ఒకే సంచి. ఆ సంచికి ఊరూ లేదు, పేరూ లేదు, షావుకారు చెప్పిందే ధర. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1956లో పుట్టింది ఇలాంటి షావుకార్ల పట్టు వదిలించడానికే.

2007లో నాంది ఫౌండేషన్ అండతో ఏర్పడిన రైతుల సహకార సంఘం ఇంకో అడుగు ముందుకేసింది. గింజ కాదు, పండే కొంటారు. పచ్చివి ఏరేసి, ఎర్రగా పండినవే తూకం వేసి, తొక్క తీయడం, కడగడం, ఆరబెట్టడం ఒకేచోట చేస్తారు. ఇక్కడా కలుపుతారు, కానీ పండు దశలో, కళ్లెదుట, ఏ ఊరిది ఎంతో రాసుకుని. 2009 నుంచి రుచి పోటీలు పెట్టారు. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. పారిస్ అనగానే పత్రికలు పొంగిపోయాయి గానీ, నన్నడిగితే అసలు పని జరిగింది ఆ తూకం దగ్గర.

నవంబరు 17

కాఫీ రుచి చూసి మార్కులేసే కప్పింగ్ గురించి చదివాను. పొడి మీద వేడినీళ్లు పోసి నాలుగు నిమిషాలు ఆగుతారు. పైన కట్టిన తెట్టును చెంచాతో విరిచి వాసన చూస్తారు, తర్వాత జుర్రుతారు. వందకి 80, ఆ పైన వస్తే స్పెషాలిటీ. చాలాకాలం వాడిన పట్టికలో ఒకే లాటుని ఐదు కప్పుల్లో పోసి, ఐదూ ఒకేలా ఉన్నాయా అని కూడా మార్కులేసేవారు. ఒక కప్పు తేడా వస్తే రెండు మార్కులు పోయేవి. సంచిలో తడిసిన గింజలు కొన్నుంటే చాలు, ఏదో ఒక కప్పులో దొరికిపోతాయి.

నవంబరు 23

నరసాపురం. లేసుకి నిరుడు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ లేసు పనివాళ్ల మీద జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ 1982లో పుస్తకమే వేసింది. ఇళ్లల్లో కూర్చుని అల్లే ఆడవాళ్లని పనివాళ్లుగా కాక, తీరిక వేళలో అల్లుకునే ఇల్లాళ్లుగా లెక్కేశారని, అందుకే కూలి అంత తక్కువని ఆవిడ వాదన. ఇక్కడా ఒకరు పువ్వు అల్లితే ఇంకొకరు అతుకుతారు. టేబుల్ మీదకి చేరాక ఏ పువ్వు ఎవరిదో తెలియదు.

నవంబరు 30

యూరప్ 2023లో ఒక చట్టం చేసింది. అడవి నరికిన నేలలో పండిన కాఫీ అక్కడికి రాకూడదు, తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చెప్పాలి. అమలు వాయిదాల మీద నడుస్తోంది. కొండ మీది ఎకరం తోటకు కూడా ఉపగ్రహం లెక్క కావాలన్నమాట.

ధర ఆనవాలు చెప్పినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఎమొరీ విశ్వవిద్యాలయం వాళ్లు కాంట్రాక్టులు సేకరించి, ఏ స్కోరు కాఫీ ఎంతకు అమ్ముడయిందో ప్రచురించారు. అయితే అందులో ఎక్కువగా ఓడరేవు దగ్గరి ధరే. రేవు నుంచి తోట దాకా వెనక్కి వెళ్తే మళ్లీ చీకటే.

డిసెంబరు 7

మేనల్లుడు ఫోను. ప్యాకెట్ మీది గళ్ల కోడ్ స్కాన్ చేస్తే కొండల వీడియో వచ్చిందట, వెనక వేణువు. తోట ఎత్తు ఉంది, రైతు నవ్వు ఉంది. పండు కిలో ఎంతకు కొన్నారో మాత్రం లేదు. "అది కూడా వేస్తారా మావయ్యా ఎక్కడైనా?" అన్నాడు. వేసే కంపెనీ దొరికితే, రెండు ప్యాకెట్లకు నా పేరు రాయించమన్నాను. నారింజ తొక్క లేకపోయినా పర్లేదు.