అన్నీ దొరికే వీధి

న్యూయార్క్‌లో రైలెక్కితే గంటలోపే మెట్రోపార్క్ స్టేషన్. అక్కడి నుంచి కాస్త దూరం వెళితే ఓక్ ట్రీ రోడ్డు. న్యూజెర్సీలోని ఎడిసన్, ఐసెలిన్‌ల మీదుగా సాగే ఈ వీధిలో చీరల దుకాణాలు, నగల షాపులు, దోసె హోటళ్లు, మిఠాయి కొట్లు బారులు తీరి ఉంటాయి. గోంగూర, దొండకాయలు, సోనా మసూరి బియ్యం ఇక్కడ మామూలు సరుకులే. థామస్ ఎడిసన్ బల్బు వెలిగించిన మెన్లో పార్క్ ఉన్నది ఈ ఊళ్లోనే. 2010 జనాభా లెక్కల నాటికే ఎడిసన్‌లో నాలుగో వంతుకు పైగా భారతీయ మూలాలవారు.

ఈ నిబ్బరం ఊరికే రాలేదు. 1987లో ఇదే రాష్ట్రంలోని జెర్సీ సిటీలో, బొట్టును వెక్కిరిస్తూ 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న ముఠా భారతీయులను వెళ్లగొడతామని బెదిరించింది. ఆ ఏడాదే పక్కనున్న హొబోకెన్‌లో నవ్‌రోజ్ మోడీ అనే యువకుడిని కొందరు కుర్రాళ్లు కొట్టి చంపారు. 2022లో ఎడిసన్ మేయర్ పదవి చేపట్టిన సామ్ జోషి భారతీయ మూలాలున్న వ్యక్తే.

ఆరు నెలలుండి పోదామని వచ్చే అమ్మానాన్నలకు ఈ వీధి పెద్ద ఊరట. అమెరికా శివార్లలో కారు లేనిదే కాలు కదలదు. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లాక ఇల్లే లోకం. ఇక్కడ మాత్రం నడిచి వెళ్లి కరివేపాకు కొనుక్కుని, తెలిసినవారితో నాలుగు మాటలాడి రావచ్చు.

కానీ స్థిరపడడమంటే మన రుచులు, మన మనుషులు దొరకడమొక్కటే కాదు. ఈ వీధికి సంచులు పట్టుకుని వచ్చేవారిలో హెచ్-1బీ వీసాదారులు ఎందరో. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏటా దక్కేది సాధారణంగా 7 శాతమే. బుల్లి దేశానికీ, భారత్‌కూ అదే పరిమితి. దాంతో మనవాళ్లలో చాలామందికి పదేళ్లు దాటినా వంతు రావడం లేదు. ఈలోగా ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. వీసాదారుల భార్యల్లో కొందరికి పనిచేసే అనుమతి దక్కింది 2015లోనే. అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఓ దశ దాటాకే. చిన్నప్పుడే ఇక్కడికొచ్చి ఇక్కడే చదువుకున్న పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వరుసలో చోటు పోయే ప్రమాదం.

అందుకే ఇక్కడి కుటుంబాల సంతృప్తిని జీతం, ఇల్లు, కారు చూసి లెక్కగట్టలేం. ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటామన్న ధీమా ఉందో లేదో కూడా చూడాలి. ఆదివారం ఓక్ ట్రీ రోడ్డులో పార్కింగ్ దొరకడం కష్టం. గ్రీన్‌కార్డు అంతకన్నా కష్టం.