బియ్యపు బస్తాయు, సిపాయియు

డిసెంబరు 7వ తేదీన సాయుధ దళాల పతాక దినమని పిల్లలు చిన్న జెండా కాగితములు తెచ్చి మీ చొక్కాకు అంటించి చందా అడుగుదురు గదా. 1949 నుండి జరుగుచున్న వాడుక యిది. ఆ డబ్బాలో వేసిన రూపాయి ఎక్కడికి పోవునో నేనును చాలకాలము అడుగలేదు. అడుగకపోవుటచేత ఒక తప్పు చేసితిని.

బోధనుకు దగ్గర మా సంఘస్థుడొకాయన కలడు. పట్టాళములో 9 ఏండ్లు పనిచేసి, ఇంటి కష్టముచేత తిరిగివచ్చెను. 15 ఏండ్లు నిండనిదే సిపాయికి పింఛను లేదు. తరువాత శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి పోవు చెరకును నరుకుచు బ్రదికెను. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడగా ఆ కూలియు పోయెను.

2019లో ఒక ధర్మసంస్థవారు మాజీ సైనికులకు బియ్యము పంచుటకు వచ్చి, దాతలకు పంపుటకై ఆయన కథ వ్రాసిమ్మని నన్నడిగిరి. వ్రాసితిని. రెండు పూటల గంజి త్రాగువానిని పస్తులున్నాడంటిని! వారు ఆయన మంచి చొక్కా విప్పించి, 25 కిలోల బస్తా ప్రక్కన నిలువబెట్టి ఫోటో తీసిరి. కొన్ని నెలలకు అచ్చైన నివేదిక వచ్చెను: ఒక సైనిక కుటుంబము నిలువద్రొక్కుకొన్నదట. బస్తా అప్పటికే ఖాళీ. బస్తాలకు లెక్కయున్నది గాని ఖాళీయైన తరువాతి దినములకు లెక్క లేదు.

ఆయన దానిని చూచి, “అయ్యగారూ, నేను జీతం తీసుకొని కొలువు చేసినోణ్ణి. అడుక్కునేటోని లెక్క దించిండ్రు. మీరన్న చెప్పకపోతిరి” అనెను. సెమినరీలో నేర్చిన ఏ మాటయు నా నోటికి రాలేదు.

అటు తరువాతనే నిజామాబాదులోని సైనిక సంక్షేమ కార్యాలయమునకు పోయితిని. పింఛను లేక 65 ఏండ్లు దాటిన పేద మాజీ సైనికునికి, హవల్దారు హోదా వరకు, పతాక దినపు నిధినుండియే సహాయము కలదని అక్కడ తెలిసెను. అప్పుడు నెలకు 4,000 రూపాయల చొప్పున. 2025లో 8,000 చేసిరి. ఆయనకు కావలసినది బస్తా కాదు, డిశ్చార్జి పుస్తకము. అది తమ్ముని ఇంట అటకమీద, అంచులు చెదలు తినగా దొరికెను. 4 మార్లు తిరిగితిమి. (ఆ బస్సు చార్జీలు ఎవరి నివేదికలోను రావు.) సహాయము మంజూరాయెను. దానికి ఎవ్వరును ఫోటో తీయలేదు; తీయుటకేమున్నది, బ్యాంకు పుస్తకములో ఒక వరుస.

దాతలకు లెక్క చూపుట తప్పని నేననను. పౌలు యెరూషలేము పేదల చందాను ఒంటరిగా మోయక, సంఘములు ఏర్పరచిన మనుష్యులను తోడు తీసికొనెను. నేను వ్రాసిన కథనైతే పుచ్చుకొన్నవాని యెదుట చదువలేకపోయితిని.

పోయిన డిసెంబరులో డబ్బా త్రిప్పగా ఆయన 10 రూపాయలు వేసి, జెండా కాగితమును తన మంచి చొక్కాకు తానే అంటించుకొనెను. ఆ నివేదిక యింకను నా బల్ల సొరుగులోనున్నది. చింపివేయుమని ఆయన అనలేదు, నేనడుగలేదు.