కాలినడకన ఇందూరు: యాత్రకు అసలు వెల ఏది?



మహాభారతము అరణ్యపర్వమున తీర్థయాత్రా ప్రకరణములో పులస్త్య మహర్షి భీష్మునకు చేసిన ఉపదేశము ఒకటి కలదు. యజ్ఞములకు బహుసంభారములు, ధనము, సహాయకులు కావలెను. అవి రాజులకు, సంపన్నులకు మాత్రమే సాధ్యము. దరిద్రునకు సైతము సాధ్యమై, యజ్ఞములను మించిన ఫలమునిచ్చునది తీర్థయాత్ర అని దాని తాత్పర్యము. ఋషులకు ఇది పరమరహస్యమని కూడ మహర్షి పలికెను. పాఠశాలలో చదివిన నాటినుండి ఈ మాట నాకు మిక్కిలి ప్రియమైనది. నేటి కాలమున ఇది ఎంతవరకు నిలుచునో పరీక్షింపవలెనని గత మాఘమాసమున నేనును నా సహధర్మచారిణియు అల్పవ్యయముతో ఒక యాత్ర చేసితిమి. మేము పోయినది కాశికి కాదు, రామేశ్వరమునకు కాదు. మా జిల్లా కేంద్రమైన నిజామాబాదునకు.

కందకుర్తివారికి ఆ నగరము కొత్త కాదు. వైద్యునికొరకో, సరకులకొరకో పోయి, పని ముగియగనే తిరుగు బస్సు ఎక్కుట మాకు వాడుక. ఏ పనియు లేక పోయి, పాదచారులమై చూచుట మాత్రము ఇదియే ప్రథమము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితము గనుక, ఖర్చు నా టికెట్టు వరకే. దారిబత్తెముగా పులిహోర, పెరుగన్నము, రాగిచెంబుతో నీరు తీసికొంటిమి. ఆచారము పాటించువానికి ఇది నియమము. చేతిలో సొమ్ము తక్కువైనవానికి ఇదియే లాభము.

దారిలో బోధన్ వచ్చును. భీముడు బకాసురుని వధించిన ఏకచక్రపురము ఇదియేనని స్థలప్రతీతి. శక్కర్‌నగర్‌లో నిజాము కాలపు చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. గానుగ ఋతువున చెరకు బండ్లతో నిండిన ఆ దారి ఇప్పుడు ఖాళీగా ఉన్నది.

నిజామాబాదు పూర్వనామము ఇందూరు. 2011 జనగణన ప్రకారము జనసంఖ్య మూడు లక్షల పైచిలుకు. తిరుగుటకు ఇది మితమైన ఊరు. బస్సు ప్రాంగణము, రైల్వే స్టేషను, గంజ్, గాంధీచౌక్, గోల్ హనుమాన్, ఖిల్లా, కంఠేశ్వరము, వీనినన్నింటిని ఒక్క దినమున తొందరలేక నడచి చూడవచ్చును. ఎండకు ముందు కొంత, చల్లబడిన పిదప కొంత నడచి, ఆలయములు మూసియుండు మధ్యాహ్నవేళ చెట్టునీడనో, మంటపముననో విశ్రమించుట ఉత్తమము.

గంజ్‌లో పసుపు రాశులు పోసియున్నవి. మా సంగమమున గోదావరీ మంజీరలతో కలియు మూడవ నది పేరు హరిద్ర; హరిద్ర యనగా పసుపే. నిత్యము సంకల్పములో ఉచ్చరించు ఆ నామము యొక్క వాసన నాకు అచటనే సోకినది. బస్సు కిటికీనుండి ఇది దొరకదు. ఖిల్లాలో రఘునాథుని దర్శించితిమి. నిజాము పాలనలో దాశరథి కృష్ణమాచార్యులు బందీయై ఉన్న కారాగారము ఈ కోటయందే. అడుగు కదుపుటకు వీలులేని స్థితిలో ఆ కవి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. కోరిన దిక్కునకు నడచుట ఎంత ఐశ్వర్యమో అచట నిలుచున్నవానికి ఎవరును చెప్పనక్కరలేదు.

కోట దిగి వచ్చుచుండగా ఒక ఇంటి అరుగుపై చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచున్న నడివయసు స్త్రీ మమ్ము పిలిచినది. "పంతులుగారూ, గింత ఎండల నడుసుడేంది? ఆటో దొరకలేదా?" నడచి చూడవలెననియే వచ్చితిమని చెప్పగా ఆమె నవ్వి, చెంబుతో నీరు తెచ్చి ఇచ్చినది. మాది కందకుర్తి అని తెలిసి, తానెన్నడును సంగమమును చూడలేదన్నది. బస్సు ఉచితమే గదా తల్లీ, ఒకనాడు రమ్మంటిని.

"బస్సు పుక్కటనే పంతులూ, దినం పుక్కట గాదు గదా. ఒక్కనాడు వోతే ఆనాటి బీడీలు వోతయ్."

ఛాందోగ్యమున ఉషస్తి చాక్రాయణుని వృత్తాంతము చదువరులకు తెలిసినదే. క్షామకాలమున ఆయన ఒక మావటి తినుచున్న ఎంగిలి గుగ్గిళ్లను అడిగి తినెను గాని, అతడిచ్చిన నీటిని మాత్రము స్వీకరింపలేదు. గుగ్గిళ్లు లేనిచో ప్రాణము నిలువదు, నీరు వేరొకచోట ఇష్టానుసారము దొరకును అని ఆయన సమాధానము. అవసరమునకును ఇచ్ఛకును నడుమ ఆ ఋషి గీచిన గీత అది. మా చెంబులో ఇంకను నీరున్నది. ఐనను ఆ తల్లి ఇచ్చిన నీటిని త్రాగితిని. దాహముచేత కాదు, అతిథిగా నిలిచినవానికి నిరాకరించు అధికారము లేదను భావముచేత.

ఉషస్తి గీత ఈ విషయమున మరియొక రీతిగా పనికివచ్చును. నేను ఆటో ఎక్కక నడచుట ఇచ్ఛ. దానిని అపరిగ్రహమనుకొనవచ్చును, వ్రతమనుకొనవచ్చును. చుట్టిన బీడీలను కార్ఖానాకు చేర్చుటకు ఆమె నడచుట అవసరము. దానికి వ్రతమను పేరు పెట్టుట అపచారము. తిరిగి వచ్చుటకు ఇల్లు, మరునాటికి బియ్యము ఉన్నవానికే మితవ్యయము తపస్సగును.

పులస్త్యవాక్యము అసత్యము కాదు. దారికి వెల లేదు, ఆలయమునకు వెల లేదు, నదికి వెల లేదు. వెల ఉన్నది దినమునకు. కూలి విడిచి వచ్చు పేదవాడు ఆ దినమునే ఆహుతిగా వేయుచున్నాడు. అందువలననే అది యజ్ఞతుల్యమని నేనిప్పుడు గ్రహించుచున్నాను.

2015లో జరిగిన గోదావరీ పుష్కరములు మరల 2027లో రానున్నవి. మా సంగమమునకు వేలాదిగా జనులు వత్తురు. తీర్థమున నిలుచు మా పురోహితవర్గమునకు నా విన్నపము ఒక్కటి. ఎదుట నిలిచినవాని దక్షిణను లెక్కింపవలదు. వాడు విడిచి వచ్చిన దినమును లెక్కింపుడు. సంకల్పము లోపము లేకుండ చెప్పుడు, కాలము వృథాగా గడపకుడు, ప్రొద్దుగుంకక మునుపే వానిని ఇంటికి సాగనంపుడు. ఆ తల్లి ఒకనాడు వచ్చినచో నేను చేయదలచినదియు ఇంతియే.

ఇతి శమ్.