పుస్తకానికీ రుతువులున్నాయి

ప్రకృతికి రుతువులున్నట్లే వ్యాపారానికీ రుతువులుంటాయి. మానేరు ఒడ్డున వెలసిన సిరిసిల్ల ప్రజలకు ఈ సత్యాన్ని ఎవరూ బోధించనక్కరలేదు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. బట్టకు గిరాకీ ఉన్న నెలల్లో సాంచాల చప్పుడు రాత్రింబగళ్లు వినిపిస్తుంది. గిరాకీ లేని నెలల్లో వీధులు మూగబోతాయి. సొంత సొమ్ముతో పుస్తకం అచ్చువేసుకొనే రచయిత పరిస్థితి కూడా ఇంచుమించు ఇలాంటిదే.

పూర్వకవికి అమ్మకాల చింత లేదు. సిరిసిల్లకు సమీపంలోని వేములవాడలో, 10వ శతాబ్దంలో, చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రచించాడు. రాజు అగ్రహారమిచ్చి ఆయనను సత్కరించాడు. అయితే రాజాశ్రయానికీ ఆకు రాలే కాలం ఉంది. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో వైభవం అనుభవించిన శ్రీనాథుడు చివరి రోజుల్లో కౌలు చెల్లించలేక అవస్థపడ్డాడని చాటుపద్యాలు చెబుతున్నాయి. నాటి కవి భాగ్యం ఒక్క ప్రభువు చేతిలో ఉండేది. అచ్చుయంత్రం వచ్చాక అది అసంఖ్యాకులైన పాఠకుల చేతుల్లోకి మారింది. పాఠకుడు గృహస్థుడు, అతని చేతిలో డబ్బు ఆడే కాలమే పుస్తకానికి వసంతం.

జూన్‌లో బడులు తెరుస్తారు. పొలాల్లో విత్తనాలు పడతాయి. ఇంటి సొమ్మంతా ఫీజులకూ, పాఠ్యపుస్తకాలకూ, ఎరువులకూ పోతుంది. అప్పుడు కవితాసంపుటి కొనేవారు అరుదు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. చలికాలంలో హైదరాబాదు, విజయవాడలలో పెద్ద పుస్తక ప్రదర్శనలు ఏర్పాటవుతాయి. ఆ రోజుల్లో రచయిత ముఖం వికసిస్తుంది. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంటింటా పరీక్షల ధ్యాసే. ఉగాది ముందు పంచాంగాలు చకచకా అమ్ముడుపోతాయి. ఏడాది గడిస్తే వాటిని అడిగేవారుండరు. ఉద్యోగ ప్రకటన వెలువడితే పోటీపరీక్షల పుస్తకాలకు గిరాకీ పెరుగుతుంది.

ఈ ఎగుడుదిగుళ్లను పెద్ద ప్రచురణ సంస్థ తట్టుకోగలదు. దానికి వందల పుస్తకాలుంటాయి. ఒకటి కదలకపోతే మరొకటి ఆదుకుంటుంది. ఒకే పుస్తకం గల రచయితకు ఆ ఆసరా లేదు. ఆవిష్కరణ సభనాడు మిత్రులు కొన్న ప్రతులు పోగా, మిగిలిన కట్టలు ఇంటి అటక మీదికి చేరుతాయి. అంగడివారు తమ కమీషను మినహాయించుకొని, అమ్మిన తరువాతనే సొమ్ము చెల్లిస్తారు. కనుక మంచి కాలంలో అమ్మిన పుస్తకం డబ్బు కూడా చాలాసార్లు గడ్డుకాలంలోనే చేతికి వస్తుంది.

ఇక్కడే రెండు ప్రమాదాలు పొంచి ఉన్నాయి. ప్రదర్శనలో పది రోజుల సందడి చూసి అప్పుచేసి మరిన్ని ప్రతులు అచ్చువేయించడం మొదటిది. వేసవి స్తబ్ధత చూసి నిరాశతో కట్టలను తూకానికి వేయడం రెండవది. రెండింటికీ మూలం ఒకటే: రుతువు ఫలితాన్ని రచన ఫలితంగా భావించడం. ఈ జూన్ అమ్మకాన్ని గడచిన డిసెంబరుతో కాక, గడచిన జూన్‌తో పోల్చినప్పుడే నిజం తెలుస్తుంది.

రుతువు కోసం ఎదురుచూడక పాఠకుని వద్దకే నడిచిన మహనీయులూ ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, నిజాం పాలనలోని తెలంగాణలో ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు. ‘ప్రజల మనిషి’ నవలాకారుడైన ఆయన పుస్తకాన్ని మోయడం చిన్నతనంగా భావించలేదు. అంగడికి రాలేని పాఠకునికి అంగడే ఎదురేగింది.

గిరాకీ లేని రోజుల్లో నేతన్న సాంచాను శుభ్రం చేసుకుంటాడు, విరిగిన భాగాన్ని బాగుచేసుకుంటాడు. రచయితకూ అలాంటి పని ఉంది: అచ్చుతప్పులు సవరించడం, పల్లె గ్రంథాలయాలకు ఉత్తరాలు రాయడం, తరువాతి రచనకు పూనుకోవడం. పంచాంగంలా ఏడాదికే చెల్లిపోయేది కాదు కథాసంపుటి. ఈ దసరాకు అమ్ముడుపోని ప్రతి పదేళ్ల తరువాత ఒక విద్యార్థి చేతికి చిక్కవచ్చు. అతడు మొదటి పుట తెరిచే వరకు ఆ ప్రతిని చెదల నుంచి, తూకపు రాళ్ల నుంచి కాపాడుకోవడం రచయిత బాధ్యత.