కాగితమా, ఫోనా? మన పిల్లల చదువు మాట

టీచర్లు నలుగురు కలిసిన చోట ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "పుస్తకాల కాలం అయిపోయింది సార్, ఇక అంతా ఫోన్లోనే." ఈ మాటకు పట్నంలో ఒక అర్థం, మా గూడెంలో ఇంకో అర్థం. పట్నంలో ముందు పుస్తకం వచ్చింది, ఇళ్లల్లో అలమారలు నిండాయి, ఆ తర్వాత ఫోన్ వచ్చింది. మా గూడాల్లో పుస్తకం ఇంట్లో కుదురుకోకముందే ఫోన్ వచ్చేసింది. సరిగ్గా రానిదానికి కాలం అయిపోయిందని ఎట్లా అంటాం?

నేను గోండును. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఒక గూడెం బడిలో చిన్న తరగతులకు చదువు చెబుతున్నాను. రోజూ కళ్ల ముందు కనబడేదే ఇక్కడ రాస్తున్నాను.

మన పెద్దలకు కాగితం అంటే చదువుకునేది కాదు. పట్టా కాగితం, అప్పు కాగితం, ఫారెస్టువాళ్ల కాగితం. అందులో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసేవారు. అట్లా ఎన్నో భూములు చేతులు మారాయి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం మన పరిస్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు తయారయ్యాయి. లిపి దేవనాగరి అయినా మాట మనది. కొన్నేళ్లకు ఆ వాచకాలు బడి నుంచి వెళ్లిపోయాయి. మళ్లీ 2004లో ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య మొదలై గోండి, కోయ, కోలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వేశారు. అవీ అన్ని బళ్లకూ చేరలేదు. అంటే మన భాషకు కాగితం దొరికింది తక్కువ, నిలిచింది ఇంకా తక్కువ.

అయినా కాగితం ఏం చేయగలదో చెప్పడానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో చేత్తో రాసిన ప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు గారూ ఇతర పరిశోధకులూ వాటిని వెలుగులోకి తెచ్చారు. వాటిలోని రాతలు 1750 ప్రాంతం దాకా వెనక్కి వెళ్తాయని అంచనా. కరెంటు లేదు, చార్జింగ్ లేదు. ఎవరో రాసిపెట్టారు, తర్వాతివాళ్లు పారేయకుండా దాచిపెట్టారు, అంతే. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలను ఇప్పుడు కంప్యూటర్లో, ఫోన్లో రాయవచ్చు. కాగితం కాపాడిన లిపిని తెర దూరదూరాలకు చేరవేస్తుంది. ఈ రెండింటికీ తగువు పెట్టడం నాకు సరిగ్గా తోచదు. ఏ పనికి ఏది అన్నదే అడగాలి.

మొదటి పని అక్షరాలు నేర్చుకోవడం. దీనికి కాగితమే కావాలని నా అనుభవం. మా పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు, బడిలో తెలుగు చదువుతారు. గోండిలో 'ఏర్' అంటే నీళ్లు. తెలుగు వాచకంలో 'ఏరు' చూడగానే ఒకటో తరగతి పిల్ల నీళ్లు అనుకుంటుంది. అక్కడ ఆగాలి, బొమ్మ చూడాలి, వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. కొత్తగా చదివే పిల్లలు అక్షరం కింద వేలు పెట్టుకుని చదువుతారు. పుస్తకంలో వేలు పెడితే లైను అక్కడే ఉంటుంది. ఫోన్లో వేలు పెడితే లైను జరిగిపోతుంది, లేదా ఇంకేదో తెరుచుకుంటుంది. పిల్ల చదవడం మానేసి దాన్ని మళ్లీ దొరికించుకునే పనిలో పడుతుంది. ఇది చిన్న విషయంలాగే కనబడుతుంది. కాని పరాయి భాషలో కూడబలుక్కుంటున్న పిల్లకు ఆ లైనే ఆధారం.

పరిశోధనలు కూడా కొంత ఇదే చెబుతున్నాయి. లక్షా 70 వేల మందికి పైగా పాల్గొన్న 54 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక విశ్లేషణ 2018లో వచ్చింది. పాఠంలాంటి విషయాన్ని చదివినప్పుడు, అందులోనూ టైము తక్కువ ఉన్నప్పుడు, తెర మీద కంటే కాగితం మీదే బాగా అర్థమవుతోందని తేలింది. కథలు చదివినప్పుడు మాత్రం అంత తేడా కనబడలేదు. ఇది టీచర్లకు పనికొచ్చే సంగతి. పాఠం పుస్తకంలో చదివించాలి. కథ ఎక్కడ దొరికితే అక్కడ చదవనివ్వవచ్చు.

రెండో పని అందడం. 2020లో కరోనా వచ్చి బళ్లు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంటికి పాఠం వచ్చింది. మా దగ్గర చాలా ఇళ్లల్లో టీవీ లేదు. ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే నాయనతో పాటు పత్తి చేనుకు పోయేది. సిగ్నల్ కోసం పెద్ద పిల్లలు గుట్ట ఎక్కేవారు. చిన్నవాళ్ల దగ్గర మిగిలింది వాచకం ఒక్కటే. అక్క వాచకాన్ని చెల్లె చదివింది. అట్టపోయినా చదివింది. రీచార్జి అయిపోతే ఫోన్లోని పాఠం ఆగుతుంది. వాచకానికి ఆ బాధ లేదు.

అట్లాగని కాగితాన్ని ఊరికే పొగడను. దానికి చెదలు పడుతుంది, కప్పు కారితే తడుస్తుంది. అన్నిటికంటే పెద్ద చెద మన బీరువా తాళం. చాలా బళ్లల్లో కథల పుస్తకాలు ఉన్నాయి. పోతే స్టాక్ రిజిస్టర్‌లో ఎవరు జవాబు చెప్పాలని వాటిని తాళం వేసి ఉంచుతాం. పిల్లల చేతుల్లో నలిగి చిరిగిన పుస్తకం తన పని తాను చేసినట్టే. బీరువాలో కొత్తగా మెరుస్తున్న పుస్తకం ఏ పనీ చేయలేదు. తాళం తీయకుండా "పిల్లలు పుస్తకాలు ముట్టడం లేదు, ఫోన్లు పట్టుకుంటున్నారు" అనే హక్కు మనకు లేదు.

మూడో పని మన మాటల్ని కూడబెట్టడం. ఇక్కడ ఫోన్ బాగా పనికొస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో చెల్లాచెదురుగా ఉన్నాం. వాళ్లు దేవనాగరిలో రాస్తే ఇక్కడివాళ్లకు చదవరాదు, మనం తెలుగు అక్షరాల్లో రాస్తే అక్కడివాళ్లకు చదవరాదు. గొంతు మాత్రం ఇరుపక్కలా తెలుస్తుంది. కిక్రి మీద ప్రధాన్ పాడిన కథను ఫోన్లో రికార్డు చేస్తే చంద్రపూర్‌లో వింటారు. కళ్లు ఆనని ముసలాయన అక్షరాల్ని పెద్దగా చేసుకుని చదువుకోగలడు. చదువు రాని అవ్వ వినగలదు. ఈ పని పుస్తకం చేయలేదు.

కాని దాచడం ఫోన్‌కు చేతకాదు. మా వైపు ఒక యువకుడు ముసలి ప్రధాన్ దగ్గర కూర్చుని కథలు చెప్పించుకుని, తెలుగు అక్షరాల్లో గోండి టైపు చేసుకున్నాడు. ఇంకెక్కడా కాపీ లేదు. వానాకాలంలో వాగు దాటుతుంటే ఫోన్ నీళ్లల్లో పడింది. ఆ తాత అంతకు ముందే పోయాడు. ఇప్పుడు ఆ కథల్లో నాలుగైదు ముక్కలు ఆ యువకుడికి గుర్తున్నాయి. మిగతావి ఎవరి దగ్గరా లేవు. గుంజాలలో రాసిపెట్టినవాళ్లకు ఫోన్ లేదు, అయినా వాళ్ల రాత మన దాకా వచ్చింది. మన చేతిలో ఫోన్ ఉంది. మన రాత మనవల దాకా పోతుందా?

చివరగా వేలిముద్ర సంగతి. మన తాతలు కాగితం మీద వేలిముద్ర వేశారు. ఇప్పుడు రేషన్ షాపులో మిషన్ మీద వేస్తున్నాం. భూమి రికార్డులు ఆన్‌లైన్ అయ్యాయి. తెర మీద మన పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకెవరో చూసి చెబితే నమ్ముతున్నాం. కాగితం పోయి తెర వచ్చినా, చదవడం రాకపోతే మన చోటు మారలేదన్నమాట. నిమిషం వీడియోలు ఎన్ని చూసినా ఒక దరఖాస్తును మొదటి నుంచి చివరిదాకా చదివే ఓపిక రాదు. ఆ ఓపిక చిన్నప్పుడు పుస్తకంతో కూర్చుంటేనే వస్తుంది. అది వచ్చిన పిల్ల రేపు కాగితం ఇచ్చినా చదువుతుంది, తెర చూపించినా చదువుతుంది.

అందుకని తోటి టీచర్లను ఒకటి అడుగుతాను. రోజుకు అరగంట బీరువా తెరవండి, పుస్తకాలు ఇంటికి పంపండి, చిరిగితే అతికించండి. యువకుల్ని, ఆడపిల్లల్ని ఒకటి అడుగుతాను. ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేయండి, టైపు చేయండి, వాట్సాప్‌లో పంచుకోండి. కాని ఏడాదికొకసారి అందులోంచి పది పేజీలైనా ప్రింటు తీసి, కుట్టి, ఒక కాపీ బడిలో, ఒక కాపీ పటేల్ ఇంట్లో పెట్టండి. జిరాక్స్ ఖర్చు పెద్దదేం కాదు. ఆ పది పేజీలు మీ ఊరి పిల్లలకు మన మాటలో దొరికే మొదటి పుస్తకం కావచ్చు.